ఎలుగు లేని ఎలుగు: కెలోనా సరస్సు తీర శిల్పంలో పేరు, రూపం, స్వరం

సంగ్రహం

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, ఒకనగన్ సరస్సు ఒడ్డున ఉన్న కెలోనా నగరానికి ఆ పేరు అక్కడి ఆదివాసుల భాషలో గ్రిజ్లీ ఎలుగుబంటిని తెలిపే పదం నుంచి వచ్చింది. ఆ పేరును కంటికి కనిపించేలా చేసే శిల్పం ఒకటి 2010లో నగరపు తీరోద్యానమైన స్టూవర్ట్ పార్కులో వెలిసింది. ఆ శిల్పాన్ని ఒక స్థలనామానికి చేసిన దృశ్యవ్యాఖ్యగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రూఢి, యౌగికం అనే శబ్దార్థ విభాగాన్ని, ఒకనగన్ ఆదివాసుల ఎలుగుబంటి కథలను ఆధారంగా తీసుకొని, ఈ శిల్పం రూపాన్ని నిజాయితీగా ఇచ్చినా పేరుకు మూలమైన స్వరాన్ని ఇవ్వలేకపోయిందని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్థలనామం, బహిరంగ శిల్పం, రూఢి, యౌగికం, జననిరుక్తి, సీయిల్ఖ్ మౌఖిక సాహిత్యం, గ్రిజ్లీ ఎలుగుబంటి.

1. ప్రవేశిక

ఊరికి పేరు పెట్టడం, ఊరి నడుమ విగ్రహం నిలపడం, ఈ రెండూ ఒక సమాజం తనను తాను ఎలా చెప్పుకోదలచిందో తెలిపే చర్యలు. మొదటిది భాషలో జరుగుతుంది. రెండవది రాతిలోనో లోహంలోనో జరుగుతుంది. ఊరి పేరులో ఉన్న ప్రాణినే విగ్రహంగా నిలిపినప్పుడు ఈ రెండు చర్యలు ఒకదానినొకటి తాకుతాయి. అప్పుడా విగ్రహం అలంకారంగా మిగలదు. అది ఒక పదానికి వ్యాఖ్య అవుతుంది. వ్యాఖ్య అయినప్పుడు అది మూలాన్ని ఎంతవరకు విప్పింది, ఎక్కడ దాటవేసింది అని అడగడం సాహిత్య విమర్శ చేయగల పని.

కెలోనా నగరంలోని స్టూవర్ట్ పార్కు శిల్పం ఇలాంటి పరిశీలనకు తగిన ఉదాహరణ. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, ప్రావిడెన్స్ నగరంలో కార్యశాల ఉన్న బ్రోవర్ హ్యాచర్ దీని శిల్పి. శిల్పానికి ఉన్న పేరు 'బేర్'. ఎలుగుబంటి అనే సాధారణ ఇంగ్లీషు పదమే అది. లోహపు కడ్డీలను వలగా అల్లి, నాలుగు కాళ్లమీద నిలిచిన ఎలుగు ఆకారాన్ని శిల్పి రూపొందించాడు. ఒకవైపు నగరపు ప్రధాన వీధులు, మరొకవైపు సుమారు 135 కిలోమీటర్ల పొడవున సాగే ఒకనగన్ సరస్సు. శీతకాలంలో ఈ ఉద్యానంలోనే నగరవాసులు మంచుపలకపై జారుడు ఆట ఆడతారు. పిల్లలు శిల్పం పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. నగరానికి వచ్చే పర్యాటకుడికి ఆ ఊరి పేరును పరిచయం చేసే మొదటి వస్తువుల్లో ఇదొకటి.

తెలుగు పాఠకుడు ఈ శిల్పాన్ని సమీపించేటప్పుడు అతని భాష అతనికొక అనుకోని పనిముట్టును అందిస్తుంది. 'ఎలుగు' అనే పదానికి తెలుగులో భల్లూకమనీ, కంఠస్వరమనీ రెండర్థాలున్నాయి. 'ఎలుగెత్తి' పిలవడంలో ఉన్నది రెండవది. ఈ రెండింటికీ చారిత్రక బంధుత్వం ఉందని ఈ వ్యాసం వాదించదు. ఇక్కడ కావలసింది శ్లేష మాత్రమే. అయితే ఆ శ్లేష శిల్పం ముందు నిలిచినప్పుడు పుట్టే ప్రశ్నను సూటిగా చెబుతుంది. ఎలుగు కనిపిస్తున్నది సరే, ఎలుగు వినిపిస్తున్నదా?

2. పేరు పుట్టుక: ఒక హాస్యం, ఒక సవరణ

కెలోనా ప్రాంతం సీయిల్ఖ్ ప్రజల భూమి. వీరినే ఒకనగన్ జాతి అని కూడా వ్యవహరిస్తారు. వీరి భాష ఎన్‌సీయిల్ఖ్‌చిన్. ఈ భూమిని వారు ఏ ఒప్పందం ద్వారానూ వదులుకోలేదు. ఐరోపా నుంచి వచ్చిన క్రైస్తవ మతగురువు పాండోసీ 1859లో ఇక్కడ మిషన్ నెలకొల్పిన తర్వాత వలసదారుల సంఖ్య పెరిగింది. 1892లో ఊరి స్థలాన్ని గీసి విభజించారు. 1905లో నగరపాలన ఏర్పడింది.

ఊరి పేరు గురించి స్థానిక చరిత్రలు చెప్పే కథ ఒకటుంది. ఆగస్ట్ గిలార్డ్ అనే ఫ్రెంచి వలసదారు సగం నేలలోకి తవ్విన గుడిసెలో నివసించేవాడు. గడ్డం, జుట్టు దట్టంగా పెరిగిన మనిషి. ఒకనాడు అటుగా పోతున్న సీయిల్ఖ్ ప్రజలు అతడు ఆ గుంతలోంచి పైకి రావడం చూసి, గుహలోంచి లేచిన ఎలుగులా ఉన్నాడని నవ్వుకున్నారు. వారు అన్న మాట వలసదారుల చెవిలో 'కిమాక్‌టూష్' అని పడింది. నల్ల ఎలుగు ముఖం అని దానికి అర్థం చెప్పుకున్నారు. ఆ చోటుకు కొంతకాలం ఆ పేరే వాడుకలో ఉంది. 1892లో ఊరికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు అది నోరు తిరగని మాటగా తోచింది. దాని స్థానంలో గ్రిజ్లీ ఎలుగుకు ఆ భాషలో ఉన్న మరొక పదాన్ని తీసుకున్నారు. 'కిలావ్న' వంటి ఉచ్చారణ గల ఆ పదమే ఇంగ్లీషు నాలుకపై 'కెలోనా' అయింది.

ఈ కథ జరిగినదా, తర్వాత అల్లినదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. తెలుగులో స్థలనామ పరిశోధన, కేతు విశ్వనాథరెడ్డి 'కడప ఊర్ల పేర్లు' వంటి గ్రంథాల ద్వారా బలపడిన శాఖ. ఊరి పేరు చుట్టూ జనం చెప్పుకునే నిరుక్తి తనంతట తానే ఒక సాక్ష్యమని ఆ శాఖ విద్యార్థులకు తెలుసు. శాస్త్రీయ వ్యుత్పత్తి పదం ఎలా పుట్టిందో చెబుతుంది. జననిరుక్తి ఆ పదాన్ని వాడేవారు తమను ఎలా ఊహించుకుంటున్నారో చెబుతుంది. గిలార్డ్ కథలో మూడు సంగతులు గమనించదగినవి. మొదటిది, పేరు ఒక హాస్యంలో పుట్టింది. ఆ హాస్యం వలసదారు మీద ఆదివాసులు వేసినది. రెండవది, ఆ హాస్యం అధికారిక పేరయ్యేసరికి దాని ఉచ్చారణను, దానితోపాటు అందులోని ప్రాణిని కూడా మార్చారు. నల్ల ఎలుగు పోయి గ్రిజ్లీ వచ్చింది. మూడవది, పేరు మార్పుకు కారణం అర్థం కాదు. చెవికి ఇంపు, నోటికి సులువు. అంటే భాషను అరువు తెచ్చుకున్నవారు దానిని తమ నోటికి సరిపోయినంత మేరకే తెచ్చుకున్నారు.

మొదట ఎలుగు అనిపించుకున్నది వలస వచ్చిన మనిషి. చివరకు ఎలుగు అయినది వలస వచ్చినవారి నగరం. నవ్వినవారి గొంతు ఈ ప్రయాణంలో వెనుకబడింది. శిల్పాన్ని చదివే ముందు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

3. రూఢి నుంచి యౌగికానికి

భారతీయ శబ్దార్థ చర్చలో పదాలను రూఢాలు, యౌగికాలు, యోగరూఢాలు అని విభజిస్తారు. అవయవార్థంతో పని లేకుండా వాడుక వల్లనే అర్థమిచ్చేది రూఢం. అవయవాల అర్థాన్ని బట్టి బోధపడేది యౌగికం. అవయవార్థం ఉండి కూడా వాడుకలో ఒక్క వస్తువుకే కట్టుబడినది యోగరూఢం. పంకజం దానికి ప్రసిద్ధ ఉదాహరణ. ఊరి పేర్లు సాధారణంగా అర్థవంతంగా పుట్టి రూఢంగా స్థిరపడతాయి. ఊరివారు రోజూ పలికే పేరులో చెట్టునో గుట్టనో జంతువునో తలచుకోరు. తలచుకోవలసి వస్తే ఉత్తరం మీద చిరునామా రాయడం కూడా కష్టమవుతుంది.

అయితే కెలోనా విషయంలో ఒక తేడా ఉంది. తెలుగు ఊరి పేరులోని అవయవార్థం మరుగున పడినా, ఆ భాష ఊరివారి నోటిలోనే ఉంటుంది. కొంచెం కదిపితే అర్థం పైకి వస్తుంది. కెలోనాలో నివసించే అత్యధికులకు ఎన్‌సీయిల్ఖ్‌చిన్ రాదు. వారికి ఆ పేరు పుట్టుకతోనే రూఢం. అందులోంచి ఎలుగును పైకి తేగల శక్తి వారి భాషలో లేదు. ఆ పని చేయడానికి వారికి ఒక బాహ్యసాధనం కావాలి. హ్యాచర్ శిల్పం ఆ సాధనం. అది రూఢమైన పేరును తిరిగి అర్థవంతం చేస్తుంది. కెలోనా అంటే ఇదీ అని చూపుతుంది. ఈ అర్థంలో అది నిఘంటువులోని ఆరోపం వంటిది. పదానికి ఎదురుగా అర్థాన్ని నిలబెడుతుంది.

కానీ నిఘంటువు ఆరోపంలో రెండు భాగాలుంటాయి: పదం, అర్థం. ఈ శిల్పంలో అర్థం మాత్రమే ఉంది. శిల్పానికి పెట్టిన పేరు 'బేర్' అనే ఇంగ్లీషు మాట. అది గ్రిజ్లీ అని కూడా చెప్పదు. ఊరి పేరును వివరించడానికి నిలిపిన రూపం, ఆ ఊరి పేరు పుట్టిన భాషలో తన పేరును మోయదు. వ్యాఖ్యాత మూలశ్లోకాన్ని వదిలి టీకను మాత్రమే అచ్చువేసినట్లయింది.

4. వలలోని రూపం

ఈ లోపాన్ని చెప్పి శిల్పాన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. రూపనిర్మాణంలో దీనికి గట్టి ఆలోచన ఉంది.

జంతు విగ్రహాలకు నగరాలలో రెండు వాడుక దారులున్నాయి. ఒకటి భీకరత: తెరిచిన నోరు, గోళ్లు, పైకి లేచిన ముందుకాళ్లు. మరొకటి ముద్దుతనం: గుండ్రని దేహం, బొమ్మ ముఖం. రెండింటిలోనూ జంతువు మనిషి భావానికి పనిముట్టు. హ్యాచర్ ఈ రెంటినీ తప్పించుకున్నాడు. అతని ఎలుగుకు బొచ్చు లేదు, చర్మం లేదు, భావాన్ని మోసే ముఖకవళిక లేదు. కడ్డీలు, అవి కలిసే ముడులు మాత్రమే ఉన్నాయి. దూరం నుంచి చూస్తే బలమైన మెడ, బరువైన దేహం, నేలను తొక్కిన పాదాలు స్పష్టమవుతాయి. దగ్గరకు పోయే కొద్దీ ఆకారం చెదిరి గీతల గుంపు అవుతుంది. చుట్టూ తిరిగితే ముందటి గీతలు వెనుకటి గీతలపై జరుగుతూ కొత్త అల్లికలు కడతాయి. చూపరి కదిలితేనే శిల్పం కదులుతుంది.

ఇది హ్యాచర్‌కు కొత్త పద్ధతి కాదు. మినియాపొలిస్ శిల్పోద్యానంలో ఉన్న 1988 నాటి అతని శిల్పం 'ప్రాఫెసీ ఆఫ్ ది ఏన్షెంట్స్'లో ఇలాంటి లోహపు వల గుమ్మటంగా స్తంభాలపై నిలుస్తుంది. ఆ వలలో చిన్న చిన్న వస్తురూపాలు చిక్కుకొని ఉంటాయి. అక్కడ వల ఆకాశానికి, జ్ఞాపకానికి గుర్తు. కెలోనాలో అదే పద్ధతి ఒక ప్రాణికి అన్వయించబడింది. అన్వయం మారగానే అర్థం మారింది. గుమ్మటం లోపల చోటు ఉండటం సహజం. జంతువు లోపలి నుంచి వెలుతురు రావడం సహజం కాదు. కళ్లకు దేహం కనిపిస్తున్నా అది మాంసంతో నిండలేదని అదే క్షణంలో తెలుస్తుంది. ఉన్నదనీ లేదనీ ఒకేసారి చెప్పగల రూపం అది.

డెన్వర్ సమావేశ కేంద్రం ముందు లారెన్స్ ఆర్జెంట్ 2005లో నిలిపిన పన్నెండు మీటర్ల నీలి ఎలుగుతో పోల్చితే ఈ తేడా తేటపడుతుంది. ఆ ఎలుగు అద్దాల గోడకు ముఖం ఆనించి భవనం లోపలికి తొంగిచూస్తుంది. నగరం లోపల ఏం జరుగుతున్నదని అడవి అడుగుతున్నట్లుంటుంది. అక్కడ చూసేది ఎలుగు. కెలోనాలో ఎలుగు గుండా చూసేది మనిషి. నగరం వైపు నుంచి సరస్సు వైపు చూపు సారిస్తే, ఎలుగు దేహంలోంచి నీరు, ఆ నీటికి ఆవల పడమటి ఒడ్డు కనిపిస్తాయి. ఆ ఒడ్డున 2005 నుంచి స్వపరిపాలన ఒప్పందం కింద నడుస్తున్న వెస్ట్‌బ్యాంక్ ఫస్ట్ నేషన్ భూములున్నాయి. కొంత పైన, 2023 ఆగస్టులో మెక్‌డూగల్ క్రీక్ కార్చిచ్చు కాల్చిన కొండవాలులున్నాయి. ఎవరి భాష నుంచి ఊరి పేరు వచ్చిందో వారు నివసిస్తున్న నేల, ఏ ప్రాణి పేరు ఊరికి వచ్చిందో దాని ఆవాసం వంటి కొండలు, రెండూ ఎలుగు దేహంలోనే పడతాయి. శిల్పి ఇంతా ఉద్దేశించాడని చెప్పనవసరం లేదు. కావ్యంలో వ్యంగ్యార్థం కవి ఉద్దేశానికే కట్టుబడి ఉండనట్లే, శిల్పంలోనూ స్థలం తన అర్థాన్ని తానే చేరుస్తుంది.

పారదర్శకత ఈ శిల్పపు నైతిక బలం. నిండైన కంచు ఎలుగు ఇక్కడ నిలిపి ఉంటే, ఎలుగు ఇంకా ఇక్కడే ఉన్నదనే భ్రాంతికి అది అండగా నిలిచేది. వల ఆ అబద్ధం చెప్పదు.

5. రెండు ఎలుగులు

తెలుగులో ఎలుగుబంటి అన్నప్పుడు మన అడవులలో పుట్టల మీద చెదలు తిని, ఇప్పపూలు ఏరుకునే పొడవు మూతి జంతువు కళ్ల ముందు మెదులుతుంది. గ్రిజ్లీ అది కాదు. నల్ల ఎలుగు కూడా గ్రిజ్లీ కాదు. తెలుగులో ఒక పదంతో సరిపెట్టుకున్న చోట ఎన్‌సీయిల్ఖ్‌చిన్ ఈ రెండు ప్రాణులకు రెండు వేరు వేరు పదాలు ఉంచుకుంది. కెలోనా పేరు కథలో ఒక పదం స్థానంలోకి రెండవది వచ్చిందని పైన చూశాం. ఆ మార్పు నేటి నేలమీద విచిత్రంగా కొనసాగుతున్నది.

గ్రిజ్లీ ఒకనగన్ లోయ అడుగుభాగం నుంచి తొలగిపోయింది. వేట, పశుపోషణ, పండ్లతోటలు, రోడ్లు, నివాసాలు కలిసి దానిని వెనుకకు నెట్టాయి. లోయకు పడమరన ఉన్న ఉత్తర కాస్కేడ్ పర్వతాలలో దాని సంతతి అంతరించే అంచున ఉంది. సీయిల్ఖ్ నాయకత్వం 2014లో తమ భూభాగంలో గ్రిజ్లీని ఆపదలో ఉన్న ప్రాణిగా, రక్షిత ప్రాణిగా ప్రకటించింది. గొప్ప కోసం తలలు, చర్మాలు కోరి చేసే గ్రిజ్లీ వేటను బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం 2017 చివరలో ఆపింది. నల్ల ఎలుగు మాత్రం ఇప్పటికీ నగరపు అంచులకు వస్తుంది. శరత్తులో పండిన తోటలు, మూత సరిగా పడని చెత్తడబ్బాలు దానిని పిలుస్తాయి. మనుషుల తిండికి అలవాటుపడిన ఎలుగును ప్రమాదకరమని నిర్ణయించి చంపివేయడం ఆ రాష్ట్రంలో అరుదైన సంగతి కాదు.

అంటే నగరం ఏ ఎలుగు పేరును ధరించిందో ఆ ఎలుగు రాదు. వచ్చే ఎలుగుకు ఊరిలో పేరు లేదు. పేరున్న చోటల్లా అది ఫిర్యాదులోనే ఉంటుంది. మొదటి హాస్యంలో ఉన్న నల్ల ఎలుగును తప్పించి గ్రిజ్లీని ఎంచుకున్నప్పుడు మొదలైన ఎడం ఇక్కడికి చేరింది. ఉద్యానంలో కీర్తించబడేది కనిపించని ప్రాణి. పెరటిలో కనిపించేది కీర్తికి నోచుకోని ప్రాణి. శిల్పానికి 'బేర్' అని సామాన్యనామం పెట్టడంలో ఈ ఎడం మరింత మసకబారుతుంది. ఆ మాట రెండింటినీ కలిపివేసి, దేనికీ జవాబుదారీ కాకుండా చేస్తుంది. ఒక నామవాచకం సామాన్యమైనదా విశేషమైనదా అన్న వ్యాకరణ ప్రశ్నకు ఇక్కడ ప్రాణాలు వేలాడుతున్నాయి.

6. కథలలో ఎలుగు: నామదానం, ప్రాణదానం

శిల్పం వదిలివేసిన మూలపాఠం ఎక్కడుంది? సీయిల్ఖ్ మౌఖిక సాహిత్యంలో ఉంది. ఈ చర్చకు రెండు కథలు కీలకమైనవి.

మొదటిది పేర్ల పంపకం కథ. ఒకనగన్ రచయిత్రి మోర్నింగ్ డవ్ 1933లో వెలువడిన 'కయోటీ స్టోరీస్' సంపుటిలో దీనిని గ్రంథస్థం చేసింది. మనుషులు రాకముందు జంతుజనులకు పేర్లు పంచే రోజు వస్తుంది. తెల్లవారగానే ముందు వచ్చినవారికి కోరిన పేరు దక్కుతుంది. గుంటనక్కను పోలిన కయోటీ తనకు గ్రిజ్లీ పేరు కావాలని గొప్పలు పోతాడు. నాలుగు కాళ్ల వాటికి పెద్ద కావచ్చు. అది కాకపోతే గద్ద, అదీ కాకపోతే సాల్మన్ చేప. రాత్రంతా మేలుకోవాలని రెప్పల మధ్య పుల్లలు నిలబెట్టుకుంటాడు. అయినా నిద్రపోతాడు. పొద్దెక్కాక పరుగున వెళితే ఆ మూడు పేర్లూ అయిపోయి ఉంటాయి. తన పాత పేరే తనకు మిగులుతుంది. దానితోపాటు లోకాన్ని సరిదిద్దే శక్తి కూడా అతనికి దక్కుతుంది.

ఈ కథలో పేరంటే హోదాతోపాటు బాధ్యత. గ్రిజ్లీ పేరు పొందినవాడు నాలుగు కాళ్ల ప్రాణులన్నిటికీ పెద్ద కావాలి. కయోటీ కోరింది హోదా. అందుకే అతడు నవ్వులపాలయ్యాడు. ఈ వెలుగులో చూస్తే 1892 నాటి నామకరణం మరొక కయోటీ కథలా కనిపిస్తుంది, ఒక తేడాతో. ఈ కయోటీ నిద్రపోలేదు. కోరిన పేరు దక్కించుకున్నాడు. పేరుతో వచ్చే పెద్దరికాన్ని మాత్రం తీసుకోలేదు. ఆ పెద్దరికపు పనిని 2014 ప్రకటనతో మోసినవారు పేరును అరువిచ్చినవారే.

రెండవది ఆహారదానం కథ. పెంటిక్టన్‌లోని థైటస్ బుక్స్ ప్రచురించిన 'కౌ-స్కెలౌ' సంపుటిలో ఇది చదవవచ్చు. రాబోయే మనుషులు బతకడానికి ఏమివ్వాలని నలుగురు ఆహారనాయకులు ఆలోచిస్తారు. నేలమీది ప్రాణులకు నల్ల ఎలుగు, నీటిలోని వాటికి సాల్మన్, నేలలోపలి వేళ్లకు చేదుదుంప, నేలపై కాసేవాటికి సాస్కటూన్ కాయ నాయకులు. పెద్దవాడైన ఎలుగు ముందుకొచ్చి తన దేహాన్నే ఇస్తానంటాడు. ప్రాణం విడుస్తాడు. తక్కిన ప్రాణులు ఒక్కొక్కరే వచ్చి అతన్ని బతికించడానికి పాడతారు. ఎవరి పాటా పని చేయదు. చివరకు ఈగ వచ్చి పాడుతుంది. ఎలుగు లేచి నిలుస్తాడు.

ఈ కథాసంప్రదాయంలో ఎలుగు దేహం తిరిగి నిలవడానికి కారణం రూపకల్పన కాదు, పాట. అందులోనూ అందరికన్నా అల్పమైన ప్రాణి గొంతు. తెలుగు శ్లేషతో చెప్పాలంటే ఎలుగును నిలబెట్టినది ఎలుగు. మన సంప్రదాయం కూడా ఎలుగును మాటకు దగ్గరగా ఉంచిందని గుర్తుచేసుకోవచ్చు. సముద్రం ముందు నిస్సహాయంగా నిలిచిన వానరుల నడుమ, హనుమంతునికి అతని బలాన్ని జ్ఞాపకం చేసి లేపినది జాంబవంతుని వాక్కే. ఈ రెండు కథలకు సంబంధం లేదు. కానీ రెండు చోట్లా ఎలుగు పక్కన ఒక గొంతు ఉన్నది.

స్టూవర్ట్ పార్కు శిల్పం దేహాన్ని నిలిపింది. దాని పక్కన గొంతు లేదు. ఈ రెండు కథలలోనూ పేరు, దేహం, పాట విడివడవు. శిల్పంలో దేహం ఒంటరి అయింది.

7. అదే సరస్సు, మరొక పేరు

ఇంతకూ ఒక దృశ్యకళారూపం నుంచి స్వరాన్ని ఆశించడం సబబేనా అని ఆక్షేపణ రావచ్చు. శిల్పం పాడదు, పాడకపోవడం దాని దోషం కాదు. ఈ ఆక్షేపణకు సమాధానం అదే సరస్సు చరిత్రలో దొరుకుతుంది.

ఒకనగన్ సరస్సులో 'ఒగోపోగో' అనే వింతజంతువు ఉన్నదని ప్రచారం. కెలోనా తీరంలో దానికీ ఒక రంగుల విగ్రహం ఉంది. ఆ పేరు 1924లో ఒక ఇంగ్లీషు వినోదగీతం నుంచి వచ్చి అతుక్కుంది. దాని వెనుక ఉన్నది సీయిల్ఖ్ ప్రజలు న్హా-అ-ఇట్క్ అని పిలిచే పవిత్ర జలశక్తి. పూజ్యభావం గల పేరు పోయి, నవ్వు పుట్టించే పేరు వచ్చింది. ఒగోపోగో పేరుపై ప్రతిస్వత్వం 1956 నుంచి ఎగువనున్న వెర్నన్ నగరం చేతిలో ఉండేది. ఒక పిల్లల పుస్తకానికి ఆ పేరు వాడుకోవడానికి నగరం అనుమతించడంపై విమర్శ రేగింది. చివరకు 2021లో నగరసభ ఆ హక్కును ఒకనగన్ జాతుల కూటమికి అప్పగించడానికి నిర్ణయించింది. విగ్రహం చెక్కుచెదరలేదు. రూపంలో ఏ మార్పూ రాలేదు. మారినది ఆ పేరు మీద ఎవరి మాట చెల్లుతుందన్నది.

బహిరంగ శిల్పం లోహంతో పూర్తికాదని ఈ ఉదంతం చూపుతుంది. దాని పేరు, దానిని వివరించే మాట, ఆ మాట చెప్పే హక్కు, ఇవన్నీ శిల్పంలో భాగాలే. ఒగోపోగో విషయంలో తప్పుడు పేరు నిజమైన పేరును కప్పింది. ఎలుగు విషయంలో నిజమైన పేరే ఊరంతటా ఉంది. దాని అర్థమూ ఉద్యానంలో నిలిచింది. పేరును, అర్థాన్ని కలిపే గొంతు ఒక్కటే లేదు. కాబట్టి అడిగేది శిల్పాన్ని పాడమని కాదు. దానికి పేరు పెట్టేటప్పుడు, పరిచయం చేసేటప్పుడు ఎవరి భాష మాట్లాడుతున్నదని.

ఆ గొంతు కెలోనాలో కరువేమీ కాదు. ఎన్‌సీయిల్ఖ్‌చిన్‌ను అనర్గళంగా మాట్లాడే పెద్దలు చాలా కొద్దిమందే మిగిలినా, కెలోనాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ ఒకనగన్ ప్రాంగణం 2021లో ఆ భాషలో ధారాళత సాధించడానికి పట్టభద్ర కార్యక్రమం మొదలుపెట్టింది. 'స్లాష్' నవల రాసిన జెన్నెట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ విశ్వవిద్యాలయంలోనే బోధించారు. భాష భూమి నుంచి పుడుతుందని, భూమి మాట్లాడే తీరే తమ భాష అని ఆమె రచనల్లో ప్రతిపాదించారు. ఆ దృష్టితో చూస్తే కెలోనా అనే పదం నగరపు చిరునామా కాకముందు ఒక నేల తనలో తిరిగే ప్రాణి గురించి చెప్పిన మాట. తరగతి గదిలో ఆ పదాన్ని కంఠమూలంలోని విరామాలతో సరిగా పలకడం నేర్చుకునే విద్యార్థి, ఉద్యానంలోని శిల్పం మొదలుపెట్టిన వ్యాఖ్యను పూర్తిచేస్తున్నాడు.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు నిర్ణయాలు చెప్పవచ్చు.

ఒకటి, కెలోనా ఎలుగు శిల్పం రూపపరంగా విజయవంతమైనది. భీకరతను, ముద్దుతనాన్ని వదిలి, పారదర్శకమైన వలలో ప్రాణి ఉనికిని, లేమిని ఒకేసారి చూపగలిగింది. వెళ్లిపోయిన ప్రాణికి నిండైన దేహం ఇవ్వకపోవడం దాని సంయమనం. తన గుండా ఆవలి ఒడ్డును చూడనివ్వడం దాని ఔదార్యం.

రెండు, పేరుకు వ్యాఖ్యగా అది అసంపూర్ణం. రూఢమైన పేరును అర్థవంతం చేసిందే కాని, ఆ అర్థం ఏ భాషలో పుట్టిందో ఆ భాషను దూరంగా ఉంచింది. నల్ల ఎలుగు, గ్రిజ్లీ అనే భేదాన్ని సామాన్యనామం కింద కప్పింది. 1892 నాటి నామకరణంలో నోటి సులువు కోసం జరిగిన సర్దుబాటే 2010 నాటి శిల్పనామంలోనూ కనిపిస్తుంది. ఈ లోపం లోహంలో లేదు గనుక సవరణకు అందనిది కాదు. శిల్పం పేరును ఎన్‌సీయిల్ఖ్‌చిన్‌లోకి మార్చడానికి ఒక్క కడ్డీని కూడా కదపనవసరం లేదు.

మూడు, స్థలనామ అధ్యయనం పదవ్యుత్పత్తి దగ్గర ఆగకుండా, ఆ పేరు ఊరి బహిరంగ రూపాలలో ఎలా వ్యాఖ్యానించబడుతున్నదో కూడా చదవవలసి ఉంది. తెలుగు నేలమీదా చెట్టు, చెరువు, జంతువు పేర్లతో వెలసిన ఊళ్లున్నాయి. వాటిలో కొన్నింట పేరు మిగిలి చెరువు పూడిపోయింది. పేరు మిగిలినంత మాత్రాన వస్తువు మిగలదు. వస్తువుకు బొమ్మ నిలిపినంత మాత్రాన పేరుకు న్యాయం జరగదు. పేరు పెట్టిన నోరు ఎవరిదో, ఆ నోరు ఇప్పుడు మాట్లాడగలుగుతున్నదో లేదో అడిగినప్పుడే స్థలనామ విమర్శ పరిపూర్ణమవుతుంది.

సీయిల్ఖ్ కథలో ఎలుగు లేచినది అందరూ పాడాక, ఈగ పాడినప్పుడు. స్టూవర్ట్ పార్కులో దేహం సిద్ధంగా నిలిచి ఉంది. అది ఎదురుచూస్తున్నది ఆ పాట కోసమే.